లారీని చూశారా, లారీ కనిపించిందా?

మీరు అడిగింది ఇదీ. ధనుర్మాసంలో ఒకరోజు తెల్లవారుజామున చీమకుర్తి నుంచి ఒంగోలుకు బండి మీద కోచింగ్‌కి వస్తున్నారు. దట్టంగా మంచు. ఉన్నట్టుండి ఎదురుగా గ్రానైట్ లారీ, లైట్లు లేకుండా ఆగి ఉంది. కొద్దిలో తప్పింది. ఆ వారమే క్లాసులో ‘మరిచిపోలేని సంఘటన’ మీద పేరాగ్రాఫ్ రాయమంటే దీన్నే రాశారు. ‘రైడింగ్ మై బైక్, సడన్లీ ఐ యామ్ సీయింగ్ వన్ లారీ’ అన్న వాక్యాన్ని సార్ ఎర్ర పెన్నుతో కొట్టేశారు. ‘సడన్లీ ఐ లుక్డ్ వన్ లారీ’ అని మార్చుకుని వెళితే దాన్నీ కొట్టేశారు. కారణం మాత్రం చెప్పలేదు. తెలుగులో నోటికి ఇట్టే వచ్చే మాట ఇంగ్లిష్‌లో ఎందుకు రావడం లేదన్నది మీ బాధ.

నేను కావలి, అల్లూరు చుట్టుపక్కల బళ్లలో ముప్పై ఏళ్లకు పైగా ఇంగ్లిష్ చెప్పి రిటైరయ్యాను. మీ వాక్యం లాంటివి ఎన్ని దిద్దానో లెక్క లేదు. మీరు రాసినవాటిలో నాలుగు తప్పులున్నాయి. కానీ నాలుగూ మంచి తెలుగులోంచి వచ్చిన తప్పులే. అందుకే కొట్టేసి ఊరుకుంటే లాభం లేదు, అవి ఎక్కడి నుంచి వచ్చాయో చూపించాలి.

అసలు చిక్కంతా ‘సీ’ అంటే ‘చూచు’ అని బట్టీ పట్టడంలో ఉంది. ఆరో తరగతిలో అలా నేర్పిన పాపం మాదే. ఆ లారీ సంగతి మీ అమ్మగారితో తెలుగులో ఎలా చెప్పారో గుర్తు చేసుకోండి. ‘నేను లారీని చూశానమ్మా’ అని ఉండరు. ‘లారీ కనిపించింది’ అనో ‘లారీ ఎదురైంది’ అనో అని ఉంటారు. తెలుగులో అనుకోకుండా కంటబడేదానికి ‘కనిపించు’ అనే వేరే క్రియ ఉంది. అందులో పని చేసేది లారీ. మీరు ‘నాకు’ అని ఓ పక్కన కూర్చుంటారు. నాకు ఆకలేసింది, నాకు జ్వరమొచ్చింది, నాకు గుర్తొచ్చింది, అన్నీ ఇదే వరస. మన ప్రమేయం లేకుండా మన మీదికి వచ్చేవాటన్నిటికీ తెలుగు ఈ ‘కు’ తగిలిస్తుంది. ఇంగ్లిష్‌కు ఈ ఏర్పాటు పెద్దగా లేదు. ఆకలైనా జ్వరమైనా గుర్తుకు రావడమైనా ‘ఐ’నే సబ్జెక్ట్‌గా కూర్చోబెడుతుంది: ఐ యామ్ హంగ్రీ, ఐ హ్యావ్ ఎ ఫీవర్, ఐ రిమెంబర్డ్. కాబట్టి ‘ఐ సా ఎ లారీ’ అన్న వాక్యానికి సరైన తెలుగు ‘నాకు లారీ కనిపించింది’. పైకి ‘నేను’ కనిపిస్తుంది గానీ లోపల ఉన్నది ‘నాకు’.

మరి కావాలని చేసే ‘చూడటం’ మాటేమిటి? దానికి ‘లుక్ ఎట్’ ఉంది. కాసేపు కళ్లప్పగించి చూస్తే ‘వాచ్’. ఎడ్ల బలప్రదర్శనను వాచ్ చేస్తారు, చేతి గడియారం వైపు లుక్ చేస్తారు, జనంలో మేనమామను సీ చేస్తారు. పిల్లలకు నేను ఒకే ఒక జత వాక్యం ఇచ్చేవాణ్ణి: ‘ఐ లుక్డ్, బట్ ఐ డిడ్ నాట్ సీ ఎనీథింగ్.’ చూశాను గానీ ఏమీ కనిపించలేదు. తెలుగులో రెండు క్రియలు, ఇంగ్లిష్‌లోనూ రెండు క్రియలు, జతలు మాత్రం మనం అనుకున్నట్టు లేవు. ఇది తలకెక్కితే మీ రెండో వాక్యం ఎందుకు పోయిందో తెలిసిపోతుంది. మీరు లారీ కోసం వెతుకుతూ రాలేదు, కాబట్టి ‘లుక్డ్’ కుదరదు. పైగా దాని పక్కన ‘ఎట్’ కూడా లేదు.

ఇక ‘ఐ యామ్ సీయింగ్’. ఇదీ తెలుగు పుణ్యమే. ‘దూరంగా లారీ కనిపిస్తోంది’ అని మనం హాయిగా అంటాం. ఆ ‘తోంది’ని చూసి చెయ్యి దానంతటదే ‘ఇంగ్’ రాసేస్తుంది. ఇంగ్లిష్ వాళ్లకు సీ అనేది కొంతసేపు సాగే పని కాదు. కంటబడింది, అంతే. ఇప్పుడు కనిపిస్తూ ఉందని చెప్పాలంటే ‘ఐ కెన్ సీ ఎ లారీ’ అంటారు. జరిగిపోయినదైతే ‘ఐ సా’. ‘ఐ యామ్ సీయింగ్’ అనే మాట లేకపోలేదు, కానీ దాని అర్థాలు వేరు. రేపు డాక్టర్‌ను కలుస్తున్నానని చెప్పడానికి వాడతారు. ఫలానా వాళ్లతో ప్రేమలో ఉన్నామని చెప్పడానికీ వాడతారు. గ్రానైట్ లారీతో మీకు అంత చనువు ఉండదనుకుంటాను.

‘వన్ లారీ’ కూడా అంతే. ‘ఒక లారీ’లోని ‘ఒక’ను పట్టుకొచ్చి ‘వన్’ చేశారు. ఇంగ్లిష్‌లో ‘వన్’ అంటే రెండు కాదు ఒకటే అని లెక్క చెప్పడం. మొదటిసారి కంటబడినదానికి ‘ఎ’ చాలు. తర్వాత మళ్లీ దాన్నే చెబితే ‘ది’. ఇది తెలుగులో ‘ఒక లారీ’ తర్వాత వచ్చే ‘ఆ లారీ’.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. పాతికేళ్ల కిందటి మాట. అల్లూరు దగ్గర పొలాల మధ్యలో బడి. వరి కోతలప్పుడు ఎలుకలు, ఎలుకల వెనక పాములు మామూలే. మా క్లాసులో ఒక నియమం ఉండేది, ఇంగ్లిష్ పీరియడ్‌లో ఇంగ్లిష్‌లోనే మాట్లాడాలి, తెలుగు మాట్లాడితే పావలా జరిమానా. ఒకరోజు ఎనిమిదో తరగతిలో బోర్డు మీద రాస్తున్నాను. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి నిలబడి, చేతులు కట్టుకుని, ‘సార్, ఐ యామ్ సీయింగ్ వన్ స్నేక్, సార్’ అంది. నేను వెనక్కి తిరగకుండానే ‘ఐ కెన్ సీ ఎ స్నేక్’ అని దిద్దాను. ఆ పిల్ల బుద్ధిగా ‘ఐ కెన్ సీ ఎ స్నేక్, సార్’ అంది. అప్పుడు వెలిగింది నాకు. బీరువా కింద నుంచి మూర పొడవు తోక బయటికి ఉంది. మిగతాది లోపల. క్లాసంతా బెంచీలెక్కింది. అటెండర్ వచ్చి, ‘జెర్రిపోతులే సార్, ఏం జెయ్యదు’ అని కర్రతో దాన్ని కిటికీలోంచి పొలంలోకి తోసేశాడు.

ఆ పాము వల్ల నాకు రెండు సంగతులు తెలిశాయి. ఒకటి, ఆ పావలా నియమం తీసేయాలి. రెండోది, ఒకటి హఠాత్తుగా కంటబడిన క్షణంలో ఏ భాషలోనైనా వాక్యం పుట్టదు. ‘పాము!’ అంటాం. వాళ్లు ‘స్నేక్!’ అంటారు, లేకపోతే ‘లుక్!’ అంటారు. మనకు ‘అదుగో’ ఉంది, దానికి క్రియ అవసరమే లేదు. వాక్యం తర్వాత, గుండె నెమ్మదించాక, ఇంకొకరికి చెప్పేటప్పుడు వస్తుంది. అంటే ఆ హఠాత్తును మనం వాక్యంలో మళ్లీ తయారు చేయాలి. మీ సార్ ఎర్ర పెన్ను అడుగుతున్నది అదే.

ఎలా తయారు చేస్తారు? ఇంగ్లిష్ వాళ్లు ఎక్కువగా వాడేది ‘ఐ’ని తప్పించే దారి. ‘ఐ ఓపెన్డ్ ది డోర్, అండ్ దేర్ వాజ్ ఎ స్నేక్.’ ఇందులో చూసినట్టు ఎక్కడా లేదు. తలుపు తెరిచాను, పాము. చదివేవాడికి కూడా అదే క్షణంలో పాము ఎదురవుతుంది. ఈ ‘దేర్’ను ‘అక్కడ’ అని అనువదించుకోకండి. అది ఊరికే ఖాళీ కుర్చీ లాంటిది. సబ్జెక్ట్ ఉండాల్సిన చోట దాన్ని వేసి అసలు వస్తువును వెనక్కి జరుపుతారు. ఎందుకంటే కొత్త సంగతి వాక్యం చివర్లో ఉంటేనే వాళ్లకు సొంపు. ‘ఎ స్నేక్ వాజ్ ఇన్ ది డోర్‌వే’ అంటే వ్యాకరణం తప్పు కాదు, కానీ చెవికి ఏదోలా ఉంటుంది.

మనం ఇదే పనిని మాటల వరసతో చేస్తాం. ‘గుమ్మంలో పాముంది’ అంటే ఎవరికీ తెలియని కబురు. ‘పాము గుమ్మంలో ఉంది’ అంటే అందరూ ఆ పాము కోసమే వెతుకుతున్నారు, ‘యాడుంది?’ అంటే జవాబు. మొదటిదానికి ‘దేర్ ఈజ్ ఎ స్నేక్ ఇన్ ది డోర్‌వే’. రెండోదానికి ‘ది స్నేక్ ఈజ్ ఇన్ ది డోర్‌వే’. తెలుగులో ‘ఎ’, ‘ది’ లేవని అంటుంటారు గానీ, ఆ పని మాత్రం జరుగుతూనే ఉంది. మీరు రాసేటప్పుడు ముందు తెలుగు వరస వినండి, ఏ ఆర్టికల్ వేయాలో అదే చెబుతుంది.

తెలుగులో హఠాత్తుకు ఇంకో సొగసైన పనిముట్టు ఉంది. ‘తలుపు తీసి చూద్దును గదా, గుమ్మంలో పాము!’ ఆ ‘చూద్దును గదా’ అన్న చోట వినేవాళ్లు ఊపిరి బిగపడతారు. దీన్ని మాటకు మాట ఇంగ్లిష్‌లోకి తేవాలని చూడకండి. ‘తలుపు తీసి చూస్తే పాము’ అనేదాన్ని ఒకబ్బాయి ‘ఇఫ్ ఐ ఓపెన్ ది డోర్ అండ్ సీ, స్నేక్’ అని రాశాడు. మన ‘తే’కు షరతు అర్థమూ ఉంది, ‘అప్పుడు’ అనే అర్థమూ ఉంది. వాడు షరతు పట్టుకున్నాడు. ఇంగ్లిష్‌లో దీనికి రెండు మంచి మాటలున్నాయి. ఒకటి పైన చెప్పిన ‘అండ్ దేర్ వాజ్’. రెండోది ‘టు ఫైండ్’: ‘ఐ ఓపెన్డ్ ది డోర్ టు ఫైండ్ ఎ స్నేక్ ఆన్ ది స్టెప్.’ ఇక్కడ ‘టు’ అంటే ‘కోసం’ కాదు, పాము కోసం ఎవరూ తలుపు తీయరు. తీస్తే తేలింది ఇదీ అని. దానికే ముందు ‘ఓన్లీ’ చేరిస్తే మన ‘తీరా చూస్తే’ అవుతుంది. పరుగెత్తుకుంటూ కావలి బస్టాండుకు వచ్చాను, తీరా చూస్తే ఉదయగిరి బస్సు వెళ్లిపోయింది: ‘ఐ ర్యాన్ టు ది బస్ స్టాండ్, ఓన్లీ టు ఫైండ్ దట్ ది బస్ హ్యాడ్ గాన్.’ ఆశాభంగమంతా ఆ ‘ఓన్లీ’లో ఉంది. నాకు ఇంగ్లిష్‌లో బాగా నచ్చిన మాటల్లో ఇదొకటి. నా బస్సులు ఎన్ని పోయాయో కూడా దానికొక కారణం కావచ్చు.

బస్సు వస్తూ కనిపిస్తే మాత్రం ‘అదుగో బస్సు’కు ‘హియర్ కమ్స్ ది బస్’ అంటారు. క్రియ ముందుకొచ్చి బస్సు చివరికి పోతుంది. బస్సు బదులు ‘ఇట్’ వేస్తే మాత్రం ‘హియర్ ఇట్ కమ్స్’ అనాలి. ‘హియర్ కమ్స్ ఇట్’ అనరు. ఎందుకంటే ‘ఇట్’ కొత్త సంగతి కాదు, చివర్లో కూర్చునే హక్కు దానికి లేదు.

ఇప్పుడు మీ వాక్యం మొదటి ముక్క, ‘రైడింగ్ మై బైక్’. ఇది నాలుగో తప్పు, పరీక్షల్లో మార్కులు ఎక్కువగా పోయేది కూడా ఇక్కడే. మీ వాక్యంలో దాని తర్వాత ‘ఐ’ ఉంది కాబట్టి బతికిపోయింది. కానీ మీరు కింద ఇంకోచోట ‘రైడింగ్ మై బైక్, ఎ లారీ కేమ్’ అని రాశారు. ఇంగ్లిష్‌లో దానర్థం, లారీ మీ బైక్ నడుపుకుంటూ వచ్చిందని. కామా తర్వాత వచ్చే సబ్జెక్టే ముందరి ‘ఇంగ్’ పని కూడా చేసినట్టు లెక్క.

మనవాళ్లు ఇక్కడ తడబడటం నాకు వింతగా ఉంటుంది, ఎందుకంటే తెలుగులో ఈ నియమం ఇంకా గట్టిది. ‘బండి నడుపుతూ లారీ వచ్చింది’ అని చదువురాని వాళ్లు కూడా అనరు. ‘నడుపుతూ’ అంటే కర్త ఒకరే ఉండాలి. కర్తలు వేరైతే ‘నడుపుతుండగా’ అంటాం. మన నెల్లూరు, ఒంగోలు వైపు మాటలో అయితే ‘బండి మీద వస్తా ఉంటే లారీ వచ్చింది’. ఆ ‘ఉంటే’ పడగానే వేరే కర్తకు చోటు దొరుకుతుంది. కాబట్టి గుర్తు ఇదీ: తెలుగులో ‘తూ’ సరిపోతే ఇంగ్లిష్‌లో వట్టి ‘ఇంగ్’ రాయండి. ‘తుండగా’ కావలసి వస్తే ‘యాజ్ ఐ వాజ్ రైడింగ్’ అని సబ్జెక్ట్‌తో సహా పూర్తిగా రాయండి.

దీనికన్నా మేలైన కట్టు ఇంకోటి ఉంది. ‘ఐ వాజ్ రైడింగ్ టు ఒంగోల్ వెన్ ఎ లారీ...’ అని. సాగుతున్న పని ముందు, పాస్ట్ కంటిన్యూయస్‌లో. హఠాత్తు సంగతి వెనక, ‘వెన్’ తర్వాత, మామూలు పాస్ట్ టెన్స్‌లో. మనవాళ్లు అలవాటు కొద్దీ ‘వెన్ ఐ వాజ్ రైడింగ్, ఎ లారీ కేమ్’ అని రాస్తారు, అదీ తప్పు కాదు. కానీ ‘వెన్’ను నడిమధ్యలో పెడితే అది మలుపు తిరిగే చోటు అవుతుంది. అంతదాకా చల్లగా సాగిన వాక్యం అక్కడ ఉలిక్కిపడుతుంది. మన ‘చూద్దును గదా’ చేసే పనికి ఇంగ్లిష్‌లో దగ్గరి చుట్టం ఇదే అని నా అభిప్రాయం.

హఠాత్తు అనేది సంఘటనలో కంటే వాక్యంలో ఎక్కువ ఉంటుందనడానికి నాకు తెలిసిన మంచి సాక్ష్యం ఇంగ్లిష్ కవి వర్డ్స్‌వర్త్ డాఫొడిల్స్ పూల మీద రాసిన పద్యం. 1802 ఏప్రిల్ 15న ఆయన, చెల్లెలు డొరొతీ ఇద్దరూ కలిసి సరస్సు పక్కన నడుస్తుంటే ఆ పూలు కనిపించాయి. చెల్లెలు డైరీలో రాసుకుంది: ముందు నీళ్ల పక్కన కొన్ని కనిపించాయి, పోను పోను ఇంకొన్ని, చివరికి ఒడ్డు వెంబడి బారున. అంటే మెల్లమెల్లగా కంటబడ్డాయి. 1807లో అచ్చయిన అన్నగారి పద్యంలో చెల్లెలు లేదు, మెల్లమెల్లగా లేదు. ఒంటరిగా తిరుగుతున్నాను అని మొదలుపెట్టి, ఒక ‘వెన్’ వేసి, పూలన్నిటినీ ఒక్కసారిగా కళ్లముందు పోశాడు. పక్కనున్న చెల్లెల్ని మాయం చేయడం నాకు నచ్చదు గానీ, వాక్యం కట్టిన తీరుకు మాత్రం పూర్తి మార్కులు వేస్తాను.

కనిపించినది ఏదో పని చేస్తూ కనిపిస్తే ‘సా’ తర్వాత ఏ రూపం వాడాలన్నది కూడా అడిగారు. దీనికి మైపాడు సముద్రం ఉదాహరణ చాలు. ‘ఐ సా ఎ మ్యాన్ డ్రౌన్’ అంటే మనిషి మునిగి చనిపోయాడు, మొత్తం చూశాను. ‘ఐ సా ఎ మ్యాన్ డ్రౌనింగ్’ అంటే మునిగిపోతుండగా నాకు కనిపించాడు, ఆ తర్వాత జాలర్లు లాగేసి ఉండవచ్చు. ఒక్క ‘ఇంగ్’లో మనిషి ప్రాణం ఉంది. ఉన్నట్టుండి కంటబడేవన్నీ సాధారణంగా సగంలో ఉండగానే కంటబడతాయి కాబట్టి, అనుమానంగా ఉంటే ‘ఇంగ్’ వైపే మొగ్గండి. ప్యాసివ్‌లో మాత్రం ‘హి వాజ్ సీన్ టు ఎంటర్ ది షాప్’ అని ఒక ‘టు’ వచ్చి కూర్చుంటుంది. పోటీ పరీక్షల్లో దీని మీద ప్రశ్న వస్తుంటుంది, గుర్తుంచుకోండి.

‘సడన్లీ’ని నేను నిషేధించను. పేజీకి ఒకటి రాసుకోండి. దాని బదులు ‘ఆల్ ఆఫ్ ఎ సడన్’ వాడితే మధ్యలో ‘ఎ’ మింగేయకండి. కానీ మన భాషలో గబుక్కున, చటుక్కున, సర్రున అని క్రియకు ముందు చేర్చే పనిని ఇంగ్లిష్ చాలావరకు క్రియలోనే ఇమిడ్చేస్తుంది. సర్రున దూసుకుపోతే ‘డార్ట్’. తలుపు తోసుకుని గబాల్న లోపలికొస్తే ‘బర్స్ట్ ఇన్’. మంచులోంచో చీకట్లోంచో పెద్ద ఆకారం మీదికి వచ్చినట్టు కనిపిస్తే ‘లూమ్’. ఈ చివరిది మీ లారీ కోసమే పుట్టినట్టుంది. ఆగి ఉన్న లారీకి ‘కేమ్’ ఎలాగూ కుదరదు, వచ్చింది మీరు. ‘లూమ్డ్’ అయితే ఆగినదైనా మీదికి వస్తున్నట్టే ఉంటుంది.

మీ పేరాగ్రాఫ్‌ను నేను ఇలా దిద్దాను. కథ మీదే, కొత్తగా ఏమీ చేర్చలేదు.

‘ఐ వాజ్ రైడింగ్ టు ఒంగోల్ ఎర్లీ వన్ మార్నింగ్. ది ఫాగ్ వాజ్ సో థిక్ దట్ ఐ కుడ్ హార్డ్లీ సీ ది రోడ్. ఐ వాజ్ థింకింగ్ అబౌట్ మై టెస్ట్ వెన్ ఎ లారీ లూమ్డ్ అప్ ఇన్ ఫ్రంట్ ఆఫ్ మీ. ఇట్ వాజ్ నాట్ మూవింగ్. దేర్ వర్ నో లైట్స్ ఆన్ ఇట్, ఓన్లీ ఎ హ్యూజ్ బ్లాక్ స్టోన్ అండ్ ఎ చైన్. ఐ బ్రేక్డ్ హార్డ్. ది బైక్ స్టాప్డ్ ఎ ఫుట్ ఫ్రమ్ ది లారీ. మై లెగ్స్ వర్ షేకింగ్ అండ్ ఐ కుడ్ నాట్ పుట్ ది స్టాండ్ డౌన్.’

ఇందులో ‘సడన్లీ’ ఒక్కటి కూడా లేదని గమనించే ఉంటారు. ‘సా’ కూడా లేదు. రాయి, గొలుసు మీరు పేరా చివర్లో విడిగా రాసుకున్నవి, వాటిని లారీ వెనక్కి తెచ్చాను. ఆ క్షణంలో మీకు ముందుగా కంటబడినవి అవే అయి ఉంటాయి. స్టాండు వేయలేకపోయానన్న చివరి వాక్యం మాత్రం మీరు రాసినదే, నేను ముట్టుకోలేదు. మీ సార్ కూడా దాని మీద ఎర్ర గీత పెట్టలేదు కదా.